బెత్తం లేనిచోట చదువు

ఉదయగిరిలోనైనా, ఆత్మకూరులోనైనా సాయంత్రమైతే తల్లిదండ్రులది ఒకటే మాట: "కూర్చొని చదువు!" ఎలా చదవాలో చెప్పేవారు తక్కువ.

1986లో అమెరికాలో జిమ్మర్‌మన్, మార్టినెజ్ పోన్స్ అనే పరిశోధకులు 80 మంది పదో తరగతి విద్యార్థులను ప్రశ్నించారు. లక్ష్యం పెట్టుకోవడం, తెలియనిది అడగడం, తిరగేసి చూసుకోవడం వంటి అలవాట్లు చదువులో ముందున్న పిల్లల్లోనే ఎక్కువని తేలింది.

ఖురాన్ హిఫ్జ్ చేసే పిల్లలకు ఇది తెలిసిందే. కొత్త సబఖ్ ఎంత చదివినా ఆమూఖ్తా తిరగేయనిదే నిలవదు. లెక్కలకూ, ఇంగ్లీషుకూ ఆ శ్రద్ధ ఏది? బెత్తానికి భయపడి చదివిన బిడ్డ రేపు ఊరు దాటి హాస్టల్లో చేరితే పుస్తకం మూసేస్తాడు.

సోదర సోదరీమణులారా! "చదివావా?" అని మాత్రమే అడగకండి. "ఈరోజు ఏది అర్థం కాలేదు? రేపు ఏం చేస్తావు?" అని అడగండి. తన చదువుకు తానే లెక్క చూసుకునే బిడ్డకు బెత్తంతో పనిలేదు.