ఆయనెన్ని వికెట్లు తీశాడు?

బాగా ఆడినవాడే బాగా నేర్పగలడని మనవాళ్ళకో గట్టి నమ్మకం. కొత్త కోచ్ వచ్చాడనగానే "ఇంతకీ ఆయనెన్ని వికెట్లు తీశాడు?" అని అడుగుతాం. నాకీ నమ్మకం మీద ఎప్పుడూ గురి లేదు. ఎందుకో చెప్పాలంటే అమెరికా బేస్‌బాల్లో టామ్ హౌస్ అనే ఆయన సంగతి చెప్పాలి.

(బేస్‌బాల్ తెలియనివాళ్ళకి: పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే. కాకపోతే పరిగెత్తుకుంటూ రాడు, మోచెయ్యి వంచి విసురుతాడు. మన అంపైర్లు చూస్తే ప్రతి బంతీ నోబాలే!)

హౌస్ ఎడమచేతి వాటం. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా జట్టులో ఆడి, 1967 డ్రాఫ్టులో అట్లాంటా బ్రేవ్స్‌కి ఎంపికయ్యాడు. ఎంపికైతే మాత్రం నేరుగా పెద్ద లీగులోకి రానివ్వరు. మైనర్ లీగుల్లో మెట్టుమెట్టూ ఎక్కాలి. ఈయనకి 1971 దాకా పట్టింది. బంతిలో వేగం లేదు మరి. వేగం కోసం స్టెరాయిడ్లు కూడా వాడానని 2005లో ఆయనే బయటపెట్టాడు. ఒళ్ళు పెరిగి, మోకాళ్ళు దెబ్బతిన్నాయి.

1974లో బాగానే ఆడాడు. అయినా ఆ ఏడాది జనానికి గుర్తున్నది వేరే. ఏప్రిల్ 8న హాంక్ ఆరన్ 715వ హోమ్‌రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటేశాడు. ఆ బంతి వెళ్ళి బుల్‌పెన్‌లో ఉన్న హౌస్ చేతిలో పడింది. ఒక పిచర్ గురించి జనానికి బాగా గుర్తున్న ఘట్టం, వేరేవాడు కొట్టిన బంతి పట్టుకోవడం! 1978తో ఆట ముగిసింది.

అసలు కథ తర్వాతే. సహజంగా వేగం ఉన్నవాడికి చెయ్యి ఎలా తిరుగుతోందో ఆలోచించాల్సిన పనిలేదు. లేనివాడికి అదే పని. హౌస్ సైకాలజీలో పీహెచ్‌డీ చేశాడు, వీడియోలూ కంప్యూటర్లూ పెట్టి పిచర్ల కదలికల్ని కొలిచాడు. 1985 నుంచి 1992 దాకా టెక్సస్ రేంజర్స్ పిచింగ్ కోచ్‌గా ఉన్నప్పుడు పిచర్లతో అమెరికన్ ఫుట్‌బాల్ విసిరించేవాడు. చెయ్యి సరిగ్గా తిరక్కపోతే ఆ కోడిగుడ్డు ఆకారం బంతి గాల్లో వంకర్లు పోతుంది, తప్పు వెంటనే కనిపిస్తుంది. మన భాషలో యూనిట్ టెస్టన్నమాట. చూసినవాళ్ళు నవ్వారు. 1989లో 42 ఏళ్ళ వయసులో ఆ జట్టుకొచ్చిన నోలన్ ర్యాన్ మాత్రం నవ్వలేదు. 1990లో, 1991లో నో-హిట్టర్లు వేశాడు. ర్యాన్ గొప్పతనమంతా హౌస్ చలవేనని నేననను, ఆయన అప్పటికే దిగ్గజం. కానీ 1999లో హాల్ ఆఫ్ ఫేమ్ ప్రసంగంలో ఆయనే హౌస్‌ని పేరుపెట్టి తలుచుకున్నాడు.

ఇక మన ఆఫీసుల్లో జరిగేది చూడండి. టీములో అందరికంటే వేగంగా కోడ్ రాసేవాణ్ణి లీడ్ చేస్తారు. కొత్త కుర్రాడు డౌటడిగితే ఆయన "లే, నేను చేస్తా" అని కీబోర్డ్ లాక్కుంటాడు. పాపం, ఆయనకీ తెలీదు తనకెలా వస్తోందో. ఒక మంచి ప్రోగ్రామర్ పోయి ఒక విసుగు మేనేజర్ మిగులుతాడు. అదే టీములో ప్రతి బగ్గునీ మూలం దాకా తవ్వి, నోట్సు రాసి, పక్కవాడికి ఓపిగ్గా చెప్పే ఒక మామూలు ప్రోగ్రామర్ ఉంటాడు. అప్రైజల్లో ఆయనకి 'మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్'. నా ఓటు ఆయనకే.

కోచ్ మంత్రాలేమీ వెయ్యలేడనుకోండి. 2008లో ఉత్తరప్రదేశ్ నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే జావెలిన్ కుర్రాళ్ళు ఒక టీవీ పోటీలో నెగ్గి హౌస్ దగ్గరికే వెళ్ళారు. అంతకుముందు ఆ ఆట ముఖమెరుగరు. అదే ఏడాది నవంబరుకల్లా పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. దానిమీద 2014లో సినిమా కూడా వచ్చింది. ఇద్దరూ మేజర్ లీగ్ దాకా పోలేదు, కాబట్టి అదంతా ఫ్లాపేనంటారు కొందరు. నేనొప్పుకోను. ఏడాది తిరక్కుండా జావెలిన్ చేతికి బేస్‌బాల్ నేర్పి ప్రొఫెషనల్ జట్టు చేత సంతకం పెట్టించడం మాటలా? దినేశ్ 2010లో ఇంటికొచ్చేశాడు. రింకూ గాయాలతోనే మైనర్ లీగుల్లో ఏళ్ళపాటు పట్టుబట్టి ఆడాడు, 2018లో కుస్తీలు పట్టడానికి డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్ళాడు.