నోరు తాకట్టు పెట్టని నటుడు

ఏ భాషయైనను తన యింటి గడప లోపల గౌరవముగానే బ్రదుకును. గడప దాటి పదిమంది యెదుట నిలిచిన దినముననే దానికి పరీక్ష. మన కరీంనగర ప్రాంతపు తెలుగునకు ఆ పరీక్ష వెండితెర మీద జరిగినది. అదియు ఒక యేడు కాదు, రెండేండ్లు కాదు, దాదాపు తొంబది యేండ్లు జరిగినది. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు చిత్రము నోరు విప్పినది మొదలు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో తల్లి బిడ్డను పిలుచు పిలుపు తెర మీద వినవచ్చుట అరుదు. వినవచ్చినను అది చాల వరకు నవ్వించుటకో, భయపెట్టుటకో గాని కంట తడి పెట్టించుటకు గాదు. నాయకుడు ఆ మాట మాట్లాడరాదు. నాయకుని యింటి పనివాడు మాట్లాడవచ్చును. ఈ నిబంధనను ఏ శాసనసభయు చేయలేదు. అయినను చట్టము కంటె గట్టిగా నడచినది. దానిని త్రోసివేసిన వారిలో సిరిసిల్ల నుండి వెళ్లిన నటుడు శ్రీ యెల్దండి వేణుగారు ముఖ్యులు. వారి వృత్తాంతమును పురస్కరించుకొని పాఠకులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

కరీంనగరము నుండి నటులు పుట్టకపోలేదు. పైడి జయరాజుగారు 1909లో కరీంనగరమున జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1929 ప్రాంతమున బొంబాయి చేరిరి. అది మూకీల కాలము. నటునికి దేహము చాలును, నోటితో పని లేదు. తరువాత చిత్రములు మాట్లాడ నేర్చినప్పుడు వారు హిందూస్థానీలో మాట్లాడిరి. రాణా ప్రతాపుగా, పృథ్వీరాజుగా, టిప్పు సుల్తానుగా ఉత్తర దేశమును మెప్పించిరి. 1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము వారికి లభించినది. 2000 సంవత్సరమున ముంబయిలో కన్ను మూసిరి. ఇంతటివాడు మనవాడని మనము గర్వించుట న్యాయమే. కాని ఆ కీర్తి హిందీ చిత్రముల కీర్తి. కరీంనగరము ఆయనకు జన్మనిచ్చినది, జీవనభాషను ఇవ్వలేకపోయినది.

ఇక మదరాసు చేరినవారి సంగతి. జానపద చిత్రములలో కత్తి పట్టి ప్రసిద్ధికెక్కిన కాంతారావుగారును, వైద్యవిద్య చదివి నటులైన ఎం. ప్రభాకరరెడ్డిగారును నల్లగొండ వారు. తెర మీద వారు పలికినది స్టూడియోల తెలుగు. మన వేములవాడ చెంత హనుమాజీపేటను చూడుడు. ఆ యూర పుట్టిన సి. నారాయణరెడ్డిగారు 1962లో 'గులేబకావళి కథ'కు పాటలు వ్రాసి చిత్రసీమ నేలిరి. అయితే ఏలినది కావ్యభాషతో. ఆ యూరనే డోలు మోతల నడుమ ఒగ్గుకథ చెప్పి జనమును రాత్రులు రాత్రులు కూర్చుండబెట్టిన మిద్దె రాములుగారు ఊరి నోటినే నమ్ముకొనిరి. ఒకే ఊరి రెండు కంఠములలో పుస్తకపు తెలుగునకు పీట వేసిరి. ఊరి తెలుగునకు తెర మీద చాప కూడ పరువలేదు. 'మా భూమి' వంటి చిత్రములు 1980 నాటికి వచ్చి వేరు దారి చూపిన మాట నిజమే. కాని బాటసారులు కొద్దిమంది. దానిని బండ్ల బాట చేయుటకు మరి నాలుగు దశాబ్దములు పట్టినది.

వేణుగారు ఈ చరిత్రకు వారసులుగా వచ్చిరి. సిరిసిల్ల సాంచాల ఊరు. మరమగ్గము పగలు రాత్రి భేదము లేక మ్రోగు వీథులలో మాట వినబడవలెనన్న గొంతెత్తి మాట్లాడవలెను. నూలు ధర పెరిగినను, గుడ్డ ధర తరిగినను మొదట దెబ్బ తినునది కార్మికుని కంచము. అట్టి ఊరి నుండి హైదరాబాదు వెళ్లిన యువకునికి చిత్రసీమ ఇచ్చు వేషము ఏదియో వేరుగా చెప్పనక్కరలేదు. నాయకుని మిత్రబృందములో ఒకడు, నవ్వించి తప్పుకొనువాడు. 2007లో వచ్చిన 'మున్నా' చిత్రములో టిల్లు అను పాత్ర ధరించి, ఆ పేరే ఇంటిపేరైనట్లు చాలకాలము 'టిల్లు వేణు'గా చెలామణి యయిరి. పాత్ర పేరు నిలిచి మనిషి పేరు మరుగుపడుట హాస్యనటునికి పొగడ్తయు నగును, సంకెలయు నగును.

2013లో ఈటీవీలో 'జబర్దస్త్' అను హాస్య కార్యక్రమము మొదలయ్యెను. అందు 'వేణు వండర్స్' అను పేర వీరు ఒక జట్టు నడిపిరి. ఆ కార్యక్రమపు హాస్యము మోటుదని, స్త్రీలను చులకన చేయునదని పెద్దలు చేసిన విమర్శలో సత్యము లేకపోలేదు. మేమును దానిని సమర్థింపబోము. కాని న్యాయముగా చెప్పవలసిన మాట మరియొకటి కలదు. చిన్నతెర ఆ నటులకు పాఠశాల యయినది. కొద్ది నిమిషములలో కథ ఎత్తుకొని, ముడి వేసి, విప్పవలెను. ఎదుటివాడు ఏ మాటకు నవ్వునో, ఏ మాటకు మౌనము వహించునో అక్కడికక్కడే తెలిసిపోవును. పెద్దతెర మీద రెండు మాటలకు మించి నోచుకొనని నటునకు చిన్నతెర నాటకము మొత్తము చేతికిచ్చినది. వేణుగారు ఆ చేతి పనిని వ్యర్థము చేసికొనలేదని 2023 మార్చి 3వ తేదీన లోకమునకు తెలిసినది. ఆ దినమున వారి దర్శకత్వములో 'బలగం' విడుదలయ్యెను.

కథ మన పాఠకులలో చూడనివారు తక్కువ. కొమురయ్య యను వృద్ధుడు చనిపోవును. మనుమడు సాయిలు అప్పులలో నున్నాడు. తాత చావు వాని పెండ్లికి అడ్డు వచ్చినది. దినవారములలో పిట్టకు ముద్ద పెట్టిరి, కాకి ముట్టలేదు. ఎందుకు ముట్టలేదన్న ప్రశ్న నుండి ఇంటిలోని పాత పగ బయటపడినది. ఏనాడో విందులో నల్లిబొక్క దగ్గర మొదలైన జగడముతో అల్లునికిని బావమరదికిని మాటలు నిలిచిపోయినవి. ఆడబిడ్డకు పుట్టింటి గడప దూరమైనది. తుదకు బుడిగ జంగముల పాటలో బంధువులందరి గుండెలు కరగును. ఇంతే కథ. కొట్లాట లేదు, విదేశములలో పాట లేదు. నాయకుడు పల్లె యువకుడు, ఖలనాయకుడు పంతము.

ఇందు మేము గమనింపదగినదిగా తలచునది భాష. దుఃఖమును ఆ భాషలోనే దుఃఖించిరి. అప్పుల బాధ, పెండ్లి బేరము, చెల్లెలి యెడ అన్న పశ్చాత్తాపము, అన్నియు సిరిసిల్ల పల్లెల మాటలోనే నడచినవి. పదేండ్లకు పైగా మన మాటతో నవ్వించిన నోరే అదే మాటతో ఏడిపించినది. నవ్వులాటకు మాత్రమే పనికివచ్చునని వేసిన ముద్ర ఒక్క పూటలో చెరిగినది. 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యాముగారికి జాతీయ చలనచిత్ర పురస్కారము 2025లో ప్రకటింపబడినది. తెలంగాణ ప్రభుత్వము గద్దరు పేర నెలకొల్పిన పురస్కారములలో 2023వ సంవత్సరపు ఉత్తమ చిత్రముగ 'బలగం' ఎన్నికయ్యెను. పురస్కారముల కంటె గొప్పది ఊరి తీర్పు. ఆ వేసవిలో పల్లెలలో కూడలి వద్ద తెల్లని తెర కట్టి, ఊరంతయు చాపలు పరచుకొని కూర్చుండి ఆ చిత్రమును చూచిరి. ఏండ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు చూచిన పిదప కలిసిరని పత్రికలు ప్రకటించినవి. న్యాయస్థానములో దాయాదుల వ్యాజ్యములు ఎంత కాలము సాగునో మేమెరుగుదుము. గట్టు తగవు పేర దాఖలైన దావాలో అసలు తగవు ఏనాటి పెండ్లి పందిటిలోనో జరిగిన అవమానమై యుండుట మాకు క్రొత్త గాదు. ఆ నల్లిబొక్క ఎముక కాదు, మర్యాద.

కొందరు ఆక్షేపించిరి: చావింట కల్లు, మాంసము చూపుట మన ప్రాంతమును చిన్నబుచ్చుట గాదా యని. మా యభిప్రాయము వేరు. ఉన్న ఆచారమును గేలి చేయుచు చూపుట యొకటి, అందులోని మనుష్యులను ప్రేమించుచు చూపుట మరియొకటి. మొదటిది తొంబది యేండ్లు సహించినవారము రెండవదానిని చూచి సిగ్గుపడ నేల?

జగిత్యాల, కోరుట్ల పాఠకులకు ఆ చిత్రము మరి యొక విధముగా తాకినదని మా నమ్మకము. ఆ ప్రాంతమున గల్ఫు దేశములకు మనుష్యులను పంపని పల్లె లేదనవచ్చును. దుబాయిలోనో మస్కటులోనో పది మంది పండుకొను గదిలో, తండ్రి పోయినను సెలవు దొరకక, పాడె మోయు భాగ్యము లేక, దినవారములను ఫోనులో చూచిన కొడుకులు మన యిండ్లలోని వారే. ఇంట భార్య బీడీలు చుట్టి పిల్లలను సాకుచున్నది. అట్టి కొడుకునకు పిట్టకు పెట్టు సన్నివేశము వినోదము గాదు. తన భాషలో తన దుఃఖమును చెప్పువాడొకడున్నాడన్న ఓదార్పు పరదేశమున ఎంత విలువైనదో ఆ దుఃఖము పడినవానికే తెలియును.

ఇది ఒక్క వేణుగారి భాగ్యమే యనరాదు. జగిత్యాల జిల్లా మల్యాల మండలములోని లంబాడిపల్లె గంగవ్వగారిని చూడుడు. చదువు లేదు, కూలినాలి చేసి, బీడీలు చుట్టి బ్రదికిన తల్లి. ఆ యూరి శ్రీరాం శ్రీకాంత్‌గారు 2012లో ప్రారంభించిన 'మై విలేజ్ షో'లో వృద్ధాప్యమున నటింప మొదలిడి, 2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' చిత్రములలో కనిపించి, 2020లో 'బిగ్ బాస్' కార్యక్రమమున పాల్గొనినది. ఆమె ఏ నటనాలయమునకు పోలేదు, ఏ స్టూడియో భాషను అరువు తేలేదు. ఊరిలో బావి కాడ మాట్లాడు మాటయే ఆమె మూలధనము. జయరాజుగారు బొంబాయికి పోవలసివచ్చినది. గంగవ్వ యున్నచోటికి కెమెరాయే వచ్చినది. కాలము మారినదనుటకు ఇంతకు మించిన సాక్ష్యమేల?

అయినను సంతోషముతో కన్నులు మూసికొనరాదు. రెండు ప్రమాదములు మాకు కనిపించుచున్నవి.

మొదటిది, మన మాట ఒక మోజుగా మారుట. ఒక చిత్రము గెలిచినంతనే పది చిత్రములు అదే యాసను పైపూతగా పూసికొని వచ్చును. కథ ఎక్కడిదో, మనుష్యులెవరో తెలియదు. మాట చివర రెండు ముక్కలు తగిలించి ఇది తెలంగాణమందురు. ఇట్టి ప్రేమ పాత వెక్కిరింత కంటె మేలైనది గాదు.

రెండవది, కీర్తి చిత్రమునకు చేరి, కష్టము కళాకారునికి మిగులుట. 'బలగం' చివర కొమురమ్మతో కలిసి పాడి రాష్ట్రమంతటిని కరగించిన బుడిగ జంగము పస్తం మొగిలయ్యగారు మూత్రపిండముల వ్యాధితో తీసికొని 2024 డిసెంబరులో పరమపదించిరి. ప్రభుత్వమును, చిత్రసీమ వారును సాయము చేయకపోలేదు. కాని సాయము దయ; హక్కు వేరు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో జరిగిన సవరణ వలన ప్రదర్శకునికి తన ప్రదర్శనను వ్యాపారమునకు వాడుకొనినప్పుడు రాబడిలో భాగము కోరు హక్కు కలిగినది. ప్రదర్శకుడన నటుడు, గాయకుడు మాత్రమే కాదు. గారడీవాడు, పాములవాడు కూడ నని ఆ చట్టమే చెప్పుచున్నది. అయితే అందే యొక చిక్కు కలదు. చిత్రములో అప్రధానముగా కనిపించి, పేర్ల పట్టికలో పేరు పడని వానిని చట్టము ఆ హక్కు విషయమున ప్రదర్శకునిగా లెక్కింపదు. మన ఒగ్గువారు, జంగములు, చిందువారు ఈ సంగతి యెరుగరు. ఇచ్చినది పుచ్చుకొని దండము పెట్టి వచ్చుచున్నారు.

కావున మా మనవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో పఠనాలయములు నడుపు సజ్జనులు ఊరి కళాకారుల పట్టిక నొకదానిని సిద్ధపరుపవలెను. చిత్రము వారు పిలిచినప్పుడు వ్రాతమూలకమైన ఒప్పందము లేక కళాకారుని పంపరాదు; అందు పేరు వేయుదురన్న షరతు తప్పక యుండవలెను. ఒప్పందమును చదివి చెప్పుటకు ఊరి వకీళ్లు ఫీజు లేక నెలకొక పూట కేటాయించినచో వారి వృత్తికి కొరత రాదు. మూడు పట్టణములలోను పురపాలక సంఘములు నాటకము ఆడుటకు తగిన రంగస్థలమును ఒక్కొక్కటి నిర్మింపవలెను. టెలివిజను వేణుగారికి పాఠశాల యయినది నిజమే. కాని ప్రతి సిరిసిల్ల బాలుడును హైదరాబాదు పోయి చిన్న వేషములలో ఏండ్లు గడపి గాని ఆ పాఠశాలలో చేరజాలడు. ఊరిలో బడి యుండవలెను.

భాషకు గౌరవము కావలెనని సభలలో మనము చాల తీర్మానములు చేసితిమి. ఒక నటుడు తీర్మానము చేయక, తన నోటిని తాకట్టు పెట్టక, పని చేసి చూపినాడు. ఆ నోటికి అన్నమును, ఆ పేరునకు పత్రమును, ఆ కళకు వేదికను సమకూర్చు భారము ఇక మనది.