తాళంచెవి పిల్లల చేతిలో.. కాపలా పాఠమేదీ?

ఉన్నత పాఠశాలల్లో వేళ్లూనని సైబర్ భద్రతా బోధన

పల్లెల్లో చాలా ఇళ్లకు ఒకటే స్మార్ట్‌ఫోను. తండ్రి బ్యాంకు ఖాతా, తల్లి పొదుపు సంఘం సందేశాలు, గ్యాస్ బుకింగ్ అన్నీ అందులోనే. సాయంత్రమైతే అది ఎనిమిదో, తొమ్మిదో తరగతి పిల్లల చేతికి చేరుతుంది. వచ్చిన సందేశాన్ని చదివి పెద్దలకు వివరించేదీ, ఓటీపీ అంకెలు చూసి చెప్పేదీ వారే. ఇంటి సొమ్ముకు కాపలాదారులైన ఈ విద్యార్థులకు ఆ కాపలా విద్య నేర్పాల్సిన బాధ్యత పాఠశాలపై ఉంది.

వలలెన్నో..

'పీఎం కిసాన్' పేరిటనో, పెళ్లి శుభలేఖ పేరిటనో వాట్సప్‌లో ఏపీకే ఫైలు వస్తుంది. దానిని తెరిచి అడిగిన అనుమతులన్నీ ఇస్తే ఫోనులోని సందేశాలు మోసగాళ్లకు చేరతాయి. ఓటీపీ నోటితో చెప్పకున్నా ఖాతా ఖాళీ కావచ్చు. 'డబ్బు పంపుతున్నాం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అన్నది మరో వల. యూపీఐలో సొమ్ము స్వీకరించేందుకు పిన్ అవసరమే లేదు. ఈ ఒక్క మాట విద్యార్థికి తెలిస్తే ఇంటిల్లిపాదికీ రక్షణ.

మౌనమే మోసగాడి బలం

సొమ్ము పోవడం కంటే పెద్ద ముప్పు మరొకటుంది. ఆటల యాప్‌లలో, ఇన్‌స్టాగ్రామ్‌లో స్నేహం నటించి, ఫొటోలు సేకరించి, వాటిని మార్చి బెదిరించేవారున్నారు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారన్న భయంతో బాలికలు నోరు విప్పరు. బాలల అశ్లీల చిత్రాలను పంపడం ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ కింద నేరమనీ, బాధిత బాలల వివరాలు బయటపెట్టరాదని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోందనీ తెలిస్తే వారికి ధైర్యం వస్తుంది. 'తప్పు నీది కాదు' అన్నదే తొలి పాఠం కావాలి.

ఆరంభం బాగుంది, కానీ..

విద్యార్థుల కోసం కేంద్ర హోంశాఖ 2018లో కరదీపిక వెలువరించింది. తెలంగాణలో పోలీసు మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ కలిసి 2021లో సైబర్ అంబాసిడర్ల కార్యక్రమం చేపట్టాయి. జిల్లాకు 50 చొప్పున 33 జిల్లాల్లో 1,650 పాఠశాలలను, బడికి ఇద్దరేసి విద్యార్థులను ఎంచుకున్నాయి. తోటివారు చెబితే పిల్లలు వింటారన్న ఆలోచన మెచ్చదగినది. అయితే ఆనాటి విద్యార్థులు ఇప్పటికే బడి దాటిపోయారు. ఏటా కొత్తవారు తయారైతేనే ఆ శిక్షణకు సార్థకత.

చేయవలసింది ఇదీ..

కొత్త పుస్తకం, కొత్త పోస్టు అక్కరలేదు. ప్రతి నెలా తొలి బుధవారం సైబర్ జాగరూకతా దినంగా పాటించాలని కేంద్రం ఇదివరకే సూచించింది. ఆ రోజు ఒక్క పీరియడ్ కేటాయిస్తే చాలు. సొమ్ము పోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే మోసగాడు తీసుకునేలోపు దానిని నిలిపివేసే అవకాశం ఉంటుందనీ, వేధింపులు ఎదురైతే 1098కి చెప్పవచ్చనీ, ఆధారంగా ఉండే సందేశాలను చెరిపివేయరాదనీ ప్రతి విద్యార్థికీ కంఠస్థం కావాలి. తల్లిదండ్రుల సమావేశంలోనూ ఒక మాట చెప్పాలి. బిడ్డ భయపడుతూ వచ్చి చెప్పినప్పుడు ఫోను లాక్కుంటే, మరోసారి ఆపద వచ్చినా ఆ బిడ్డ చెప్పదు.