అడిగితేనే లెక్క!

వడ్ల సీజన్లో తిరుమలగిరి మార్కెట్ యార్డుకి వెళ్లి చూడండి. ఇంకా ఎన్ని ట్రాక్టర్లు వస్తాయో తేలేదాకా కాంటా పెట్టమంటే పని సాగుతుందా? ముందున్న కుప్ప చూస్తారు, తూకం వేస్తారు, తర్వాతి దానికి కదులుతారు.

కంప్యూటర్ ప్రోగ్రాముల్లోనూ ఈ పద్ధతి ఉంది. పేరు ‘లేజీ ఎవాల్యుయేషన్’... అంటే బద్ధకపు లెక్క! అడిగినప్పుడే, అడిగినంతే చేయడం. 1976లోనే అమెరికాలో డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్ దీని గురించి రాశారు. 1990లో వచ్చిన హాస్కెల్ భాషకి ఇదే ప్రాణం. అందులో 1, 3, 5, 7... అంటూ అంతులేని బేసి సంఖ్యల జాబితా రాయొచ్చు. ‘టేక్’ అనే మాటతో పది అడిగితే పదే ఇచ్చి ఊరుకుంటుంది.

బాగానే ఉంది కదా అని నేనూ మొదలుపెట్టాను. వందలోపు బేసి సంఖ్యలు కావాలని ‘ఫిల్టర్’ వాడాను. 99 దాకా చకచకా వచ్చాయి. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు! తప్పు నాదే. ఇక ముందు వందలోపువి ఉండవని మనకు తెలుసు, యంత్రానికి తెలియదుగా. 101, 103, 105... అలా వెతుకుతూనే ఉంది. ‘టేక్‌వైల్’ వాడితే వంద దాటిన మొదటి సంఖ్య దగ్గరే ఆగిపోతుంది.

అలాగని అన్నిచోట్లా టేక్‌వైల్ వాడితే? మళ్లీ యార్డుకి రండి. ప్రభుత్వం కొనే వడ్లలో తేమ 17 శాతం మించకూడదు. మూడో కుప్పలో ఎక్కువుందని కాంటా ఎత్తేస్తే, వెనక బాగా ఆరబెట్టుకొచ్చిన రైతు గతేంటి? అక్కడ ఫిల్టరే న్యాయం. తడివి పక్కనపెట్టి మిగతావన్నీ చూడాల్సిందే. బేసి సంఖ్యలు పెరుగుతూనే పోతాయి, కుప్పలకు అలాంటి వరసేం ఉండదు. తేడా అక్కడుంది.

ఇంకో చిక్కు... తూకమైన బస్తాలు లారీ ఎక్కకపోతే యార్డు నిండిపోతుంది. జాబితా మొదలుని ఓ పేరుతో పట్టుకుని వదలకపోయినా అంతే, వాడేసిన సంఖ్యలతో మెమరీ నిండిపోతుంది. ఇక ‘మొత్తం ఎన్ని?’ అని అంతులేని జాబితాని అడిగారో, జవాబు ఎప్పటికీ రాదు.

ఈ ఆదివారం మీరూ ప్రయత్నించండి. 1, 4, 9... ఈ అంతులేని వర్గాల్లోంచి వందలోపువి రాబట్టండి. తొమ్మిది సంఖ్యలొచ్చి ప్రోగ్రాం దానంతటదే ఆగితే, మీరు పాసైనట్టే!