గోడలు లేకపోతే గాలి భయం లేదా?



మార్కెట్ యార్డు షెడ్లపై గత సంచికలోని వ్యాసం బాగుంది. కానీ నాలుగు వైపులా తెరిచి ఉంటే గాలి దూసుకుపోతుంది, భయం లేదన్న మాట ఒప్పుకోలేను. 1996 నవంబరు 6 తుపాను రాత్రి కోనసీమలో ఉన్నవారెవరూ ఒప్పుకోరు. రేకుల్ని పక్క కొబ్బరితోటల్లో ఏరుకున్నవాళ్లం మేము.

కట్టడాలపై గాలి భారానికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మన కోస్తాకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. రేకు బరువో, అయిదారు కిలోలు! పైనుంచి గాలి లాగుతుంది, కిందినుంచి తోస్తుంది. షెడ్డు కింద ఒకవైపు ధాన్యం బస్తాలు ఎత్తుగా పేర్చితే గాలికి దారి మూసుకుపోయి ఆ తోపు ఇంకా పెరుగుతుంది. మన యార్డుల్లో జరిగేది అదే.

వ్యాసకర్త లావు స్తంభాలు వేయమన్నారు. స్తంభం విరగడం కన్నా పునాదితో సహా పైకి లేవడమే ఇక్కడ అసలు ప్రమాదం. గజం తవ్వితే నీరూరే డెల్టాలో, 2,400 కిలోల ఘనపు మీటరు కాంక్రీటు నీట మునిగితే 1,400 కిలోలుగానే పనిచేస్తుంది. ఈ లెక్క ఎవరు వేస్తున్నారు?

అంచుల్లో, మూలల్లో స్క్రూలు దగ్గరగా వేయించండి. టెండరులో పునాది గాలికి పైకి లేవదని చూపే లెక్క అడగండి.

— ఒక పాఠకుడు, అమలాపురం