మన ఆరోగ్యం: పోయిన ముక్కుకు మారుముక్కు

గత నెల ఈ శీర్షికలో నోటి కేన్సరు గురించి వ్రాశాము. చదివిన సభ్యులు కొందరు ఒకే సంగతి అడిగారు. ఆపరేషనులో ముక్కో, చెవో, కన్నో, దవడో తీసివేస్తే ఆ మనిషి మళ్ళీ నలుగురిలోకి వచ్చేదెలా? మంచి ప్రశ్న. ప్రాణం దక్కింది, అంతే చాలుననడం మా వైద్యులకు అలవాటు. కాని మొహం చెల్లక గదిలో కూర్చున్నవాడికి ఆ మాట సరిపోతుందా?

మేముంటున్న ఈ బోమాంట్ పరిసరాల్లో పిల్లలకు కూడా తెలిసిన పాత ఐర్లండు కథ ఒకటుంది. నూఅద అనే రాజుకు యుద్ధంలో చెయ్యి తెగిందట. అవయవలోపం ఉన్నవాడు ఏలరాదని గద్దె దింపారట. వైద్యుడొకడు వెండి చెయ్యి చేసి పెట్టాడట. కథ అటుంచి చరిత్ర చూసినా, మనిషి చాలాకాలం లోహాన్నే నమ్ముకున్నాడు. డెన్మార్కు ఖగోళ శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహే 1566లో కత్తియుద్ధంలో ముక్కు పోగొట్టుకున్నాడు. ఆయన పెట్టుకున్నది వెండిదో బంగారుదో అని లోకం చెప్పుకుంది. 2010లో సమాధి తెరిచి ఎముకను పరీక్షిస్తే ఇత్తడి జాడ తేలింది! మొదటి ప్రపంచ యుద్ధంలో మొహాలు ఛిద్రమైన సైనికులకు లండనులో డెర్వెంట్ వుడ్, పారిస్‌లో ఆనా కోల్మన్ లాడ్ అనే శిల్పులు పలుచని రాగితో ముసుగులు చేసి, చర్మం రంగు వేశారు. దూరానికి బాగానే ఉండేవి. కాని మనిషి నవ్వినా ఏడ్చినా రేకు రేకే గదా!

తరువాత పళ్ళ సెట్లు చేసే ఆక్రిలిక్ వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీ గాజు కళ్ళు అందకపోతే అమెరికా సైన్యపు పంటి డాక్టర్లు దీనితోనే కళ్ళు చేశారు. గట్టిది, తేలికైనది, కడిగితే శుభ్రపడుతుంది. మన ఉత్తరాంధ్రకు దీనితో మరో అవసరం ఉంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో కొందరు ఆడవాళ్ళు చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. ఆ వేడికీ పొగకూ అంగిట్లో కేన్సరు పుడుతుంది. అంగిలి తీసివేస్తే తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, మాట అర్థం కాదు. ఆ రంధ్రానికి సరిపడా ఆక్రిలిక్ మూత చేసి పెడితే, ఆ ముసలమ్మ మళ్ళీ అన్నం తింటుంది, మనవల్ని పేరుపెట్టి పిలుస్తుంది. 2021లో కోవిడు వెంట వచ్చిన నల్ల ఫంగసుకు హైదరాబాదు కోఠీ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ముఖ్యకేంద్రమైంది. ఆ జబ్బులో పైదవడ పోయినవారికీ ఇలాంటి మూతే ఆధారం.

బయటికి కనిపించే ముక్కు, చెవులకు మాత్రం 1960 ప్రాంతం నుంచి సిలికోను రబ్బరు వాడుకలోకి వచ్చింది. మెత్తనిది. రంగును లోపలే కలపవచ్చు. అంచులు పలుచగా తీస్తే చర్మంలో కలిసిపోతాయి. దీన్ని జిగురుతో అంటిస్తారు, లేదా కళ్ళజోడుకు తగిలిస్తారు, లేదా ఎముకలో నాటిన టైటానియం మరకు అయస్కాంతంతో నిలుపుతారు. టైటానియాన్ని ఎముక తనలో కలుపుకుంటుందని 1952లో స్వీడనులో బ్రోనెమార్క్ గమనించిన ఫలితమిది.

అయితే చర్మాన్ని ఇంత బాగా పోలిన ఈ పదార్థానికి ఆయువు తక్కువ. ఎండకు రంగు మారుతుంది. చెమటకు జిగురు వదులుతుంది. అంచులు చిరుగుతాయి. సాధారణంగా ఏడాది రెండేళ్ళకు కొత్తది చేయించాలి. బోమాంట్ మబ్బుల కింద నిలిచిన రంగు విశాఖ ఎండకు నిలుస్తుందన్న ధీమా వద్దు. పైగా మన చామనచాయ ఒక్క రంగు కాదు. ముక్కు కొన దగ్గర ఒకటి, కంటి కింద మరొకటి. మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని, పగటి వెలుతురులో చూస్తూ కలపవలసిన రంగు అది.

అందుచేత మా సలహా. ఊళ్ళో ఉన్న అమ్మకో మామయ్యకో ఇలాంటి అవసరం వస్తే, ఇక్కడ ఖరీదైనది చేయించి పంపితే బాధ్యత తీరిందనుకోకండి. వారు బస్సెక్కి వెళ్ళిరాగల చోట, దంత వైద్య కళాశాలలో కృత్రిమ దంతాల విభాగంలో అడగండి. డబ్బు ఒక్కసారికి కాదు, ఏడాదికేడాదికీ కావాలని లెక్క వేసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆపరేషనుకు ముందే సర్జనును అడగండి. తీసివేయబోయే ముక్కుకు, దవడకు ముందే అచ్చు, ఫొటోలు తీసుకుంటే తరువాత చేసేవారికి ఆ మనిషి సొంత పోలిక దొరుకుతుంది.

వచ్చే నెల మధుమేహం, పాదాల సంరక్షణ గురించి ముచ్చటిద్దాం.