ఓక్లాండ్ జనం బేవఫా కాదు

మా ఫ్రీమాంట్‌లో ఏ దావత్‌కి వెళ్లినా సరే, ఏ పిల్లాడి తల మీదైనా ఏ'స్ టీమ్ పచ్చ టోపీ కనిపిస్తే చాలు, ఎవరో ఒక భాయ్ సాబ్ ఇలా అంటారు: "ఇంకా ఆ టీమేంది బేటా? జనం రాలేదు, మాలిక్ తీసుకెళ్లిపోయాడు. ఆయన మాల్, ఆయన మర్జీ." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపి బిర్యానీలో పడిపోతారు.

నేను తలూపను. ఆ మాటలో టీమ్ వెళ్లిపోయిందన్నది ఒక్కటే సచ్. మిగతాదంతా మాలిక్‌లు పుట్టించిన ఝూట్. దాన్ని మనవాళ్లు, అందులోనూ పక్క ఊళ్లోనే బతుకుతున్న మన తెలుగు ఖాన్‌దాన్‌లు, ముఫ్త్‌గా మోసుకు తిరగడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కర్నూల్లో, గుంటూరులో కూర్చుని చదివే బిరాదర్ల కోసం ముందు కొంచెం హిసాబ్. ఓక్లాండ్ అథ్లెటిక్స్ అంటే ఏ'స్. అమెరికా పెద్ద బేస్‌బాల్ లీగ్‌లో టీమ్. 1968లో కాన్సస్ సిటీ నుంచి ఓక్లాండ్‌కి వచ్చింది. 1972, 1973, 1974ల్లో వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు, మళ్లీ 1989లో ఒకటి గెలిచింది. పేద బడ్జెట్‌తో, లెక్కల తెలివితో పెద్ద టీమ్‌లను ఓడించిన కథ మీద 'మనీబాల్' అని బ్రాడ్ పిట్ సినిమా వచ్చింది చూడండి, ఆ టీమ్ ఇదే. ఓక్లాండ్ అంటే డాక్‌ల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే మెహనతీ జనం ఊరు. బార్ట్ రైలు దిగి బ్రిడ్జి దాటితే స్టేడియం. చవక టికెట్. అవుట్‌ఫీల్డ్ బెంచీల్లో ఢోలు వాయించే కుర్రాళ్లు.

ఇక మొదటి ఇల్జాం: జనం రాలేదు.

ఎప్పుడు రాలేదు? 2018లో టీమ్ 162 మ్యాచ్‌లలో 97 గెలిచింది. 2019లో మళ్లీ 97. ఆ 2019లో 16 లక్షల మందికి పైగా వచ్చారు. 2020 కరోనా ఏడు 60 మ్యాచ్‌ల చిన్న సీజన్‌లో 36 గెలిచి డివిజన్ టాప్. మ్యాట్ ఓల్సన్, మ్యాట్ చాప్‌మన్, మార్కస్ సెమియన్ లాంటి జవాన్లు ఒకే మైదానంలో ఆడిన రోజులవి. అంతా ఇరవైల్లో ఉన్నవాళ్లే. ఇంకో నాలుగేళ్లు కలిపి ఉంచితే ఏమయ్యేదో!

కలిపి ఉంచలేదు. బే ఏరియాలోనే పుట్టి పెరిగిన సెమియన్‌ని 2020 సీజన్ అయ్యాక చేజార్చుకున్నారు. మరుసటి ఏడే అతను టొరంటోకి 45 హోమ్ రన్లు కొట్టాడు. 2021లో టీమ్ 86 గెలిచింది. ఆ వెంటనే మేనేజర్ బాబ్ మెల్విన్‌ని శాన్ డియేగోకి వదిలేశారు. 2022 మార్చిలో కొన్ని రోజుల తేడాలో ముగ్గురిని అమ్మేశారు: బాసిట్ న్యూయార్క్ మెట్స్‌కి, ఓల్సన్ అట్లాంటాకి, చాప్‌మన్ టొరంటోకి. ఏప్రిల్‌లో మనాయా, ఆగస్టులో మోంటాస్, డిసెంబర్‌లో క్యాచర్ షాన్ మర్ఫీ. ఏడాది తిరక్కుండా ఇల్లంతా నీలాం.

నతీజా ఏమైంది? 2022లో 102 ఓటములు, 2023లో 112. ఆ 2023లోనే అట్లాంటాలో ఓల్సన్ 54 హోమ్ రన్లు కొట్టి లీగ్ మొత్తానికి టాప్‌గా నిలిచాడు. పక్కనే మర్ఫీ ఆల్‌స్టార్. ఓక్లాండ్‌లో మాత్రం టీమ్ మొత్తం జీతాలు 6 కోట్ల డాలర్లకు లోపే, లీగ్‌లో అందరికంటే తక్కువ. అదే ఏడు మెట్స్ జీతాలు దానికి ఆరు రెట్లు.

దుకాన్‌లో సరుకంతా అమ్మేసి, ఖాళీ షెల్ఫుల ముందు కూర్చుని, "ఈ మొహల్లా వాళ్లకి వఫాదారీ లేదు, ఎవరూ రావడం లేదు" అని ఏడ్చే సేటుని మీరు ఏమంటారు? 2022లో 8 లక్షల మంది కూడా రాలేదని మొత్తుకున్నారు. ఆ టీమ్‌ని చూడ్డానికి దాదాపు 8 లక్షల మంది వచ్చారంటే నాకైతే అది జనం చూపించిన సబర్. పైగా ఆ స్టేడియంలో ఏళ్ల తరబడి మోరీ నీళ్లు ప్లేయర్ల గదుల్లోకి పొంగేవి.

జనం మాట జనమే చెప్పారు, వినాలనుకున్న వాళ్లకి. 2023 జూన్ 13, మామూలుగా ఎవరూ రాని మంగళవారం రాత్రి. బాయ్‌కాట్‌కి ఉల్టాగా, అందరూ రండి అని ఫ్యాన్స్ పిలుపిచ్చారు. 27,759 మంది వచ్చారు. పచ్చ టీ షర్టుల మీద ఒకే మాట: 'అమ్మెయ్'. టీమ్‌ని తరలించకు, చేతకాకపోతే ఇంకొకరికి అమ్మెయ్ అని. లీగ్ కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ దాన్ని మజాక్ చేశాడు, ఒక్క రాత్రికి మామూలు మ్యాచ్ అంత జనం వచ్చారులే అని. అదే ఏడు నవంబర్‌లో మిగతా టీమ్‌ల మాలిక్‌లు ఒక్కరు కూడా కాదనకుండా లాస్ వెగాస్ తరలింపుకి ముహర్ వేశారు.

ఇక రెండో ఇల్జాం: ఆయన మాల్, ఆయన మర్జీ.

మాలిక్ జాన్ ఫిషర్ గ్యాప్ బట్టల కంపెనీ పెట్టిన దంపతుల కొడుకు. అరబ్‌పతి. అమ్మానాన్నల దౌలత్ మీద నాకేం హసద్ లేదు. కానీ ఓక్లాండ్ కొలీజియం కట్టింది ఎవరి పైసాతో? నగరం, కౌంటీ ప్రజల పైసాతో. లీగ్‌లో పెద్ద టీమ్‌లు చిన్న టీమ్‌లకి ఇచ్చే వాటా డబ్బు ఎందుకు? చిన్న ఊళ్లోనూ మంచి ఆట నిలబడాలని. వెగాస్ స్టేడియానికి నెవాడా ప్రభుత్వం 2023లో మంజూరు చేసిన 38 కోట్ల డాలర్ల దాకా సాయం ఎవరిది? అక్కడి బడికెళ్లే పిల్లల అమ్మానాన్నలది. అక్కడి టీచర్లు దాన్ని ఆపడానికి కోర్టుల దాకా వెళ్లారు.

నష్టం వస్తే ప్రజలది, నఫా వస్తే మాలిక్‌ది! పబ్లిక్ పైసా తిన్న మాల్ మీద పబ్లిక్‌కి హక్కు ఉంటుంది. దాన్ని మన జబాన్‌లో అమానత్ అంటాం. అమానత్‌లో ఖయానత్ చేసినవాడిని ఇంట్లో అయితే నిలదీస్తాం. సూటు వేసుకుంటే 'బిజినెస్' అని సలాం కొడతామా?

మూడోది మన మహఫిల్‌లలోనే వినిపించేది: "జువా ఊరికి పోయారు, ఇంకేం చెప్తాం!" ఇది చెప్పి చాలామంది సుకూన్‌గా కూర్చుంటారు. నేను ఒప్పుకోను. వెగాస్‌లో జూదం ఉందన్నది ఎవరికి తెలియదు? టీమ్‌ని ఒలిచేసిన పని మాత్రం ఓక్లాండ్‌లోనే, జూదం బల్ల దగ్గర కాదు, ఆఫీసు గదిలో కూర్చుని చేశారు. అదే ఊళ్లో ఫుట్‌బాల్ టీమ్ రైడర్స్ కూడా వెగాస్‌కే పోయింది, బాస్కెట్‌బాల్ వారియర్స్ బే దాటి శాన్ ఫ్రాన్సిస్కోకి పోయింది. మెహనతీ ఊళ్లో నఫా తక్కువ, పెద్దోళ్ల బాక్సులు అమ్ముడుపోవు. అసలు బీమారీ అది. నేరమంతా జూదం మీద తోసేస్తే మాలిక్ సాఫ్‌గా బయటపడతాడు.

2024 సెప్టెంబర్ 26న ఓక్లాండ్‌లో ఆఖరి మ్యాచ్. 46,889 మంది వచ్చారు. టెక్సస్ మీద 3-2తో గెలిచారు. 'రాని జనం' వీడ్కోలు అది.

ఇప్పుడు కొందరు అంటారు, టీమ్ బాగుపడింది కదా అని. నిజమే, జవాన్లు భలే ఆడుతున్నారు. 2025లో నిక్ కర్ట్జ్ హ్యూస్టన్‌లో ఒకే మ్యాచ్‌లో నాలుగు హోమ్ రన్లు కొట్టాడు, ఏడాది చివర బెస్ట్ కొత్త ప్లేయర్ ఇనాం ఒక్క ఓటు తేడా లేకుండా గెలిచాడు. ఆ ఓట్లలో రెండో స్థానం కూడా ఇదే టీమ్‌లోని జేకబ్ విల్సన్‌ది. లారెన్స్ బట్లర్‌కి ఏడేళ్ల కాంట్రాక్ట్, పిచర్ సెవరీనోకి 6 కోట్ల 70 లక్షల డాలర్లు. మాషా అల్లాహ్! నా సవాల్ ఒక్కటే: ఈ పైసా ఓక్లాండ్‌లో ఉన్నప్పుడు ఎక్కడ దాక్కుంది? చాప్‌మన్‌కి లేని ఖజానా, ఊరు వదలగానే ఎలా తెరుచుకుంది?

అయినా ఆ జవాన్లు ఆడేది ఎక్కడ? శాక్రమెంటోలో, 14 వేల మంది పట్టే చిన్న లీగ్ మైదానంలో. టీమ్ పేరు ముందు ఊరి పేరే లేదు, ఉత్త 'అథ్లెటిక్స్'. వచ్చేది సగటున 10 వేల మంది లోపే. 2025లో సొంత మైదానంలో 36 గెలిస్తే పరాయి ఊళ్లలో 40 గెలిచారు. ఇల్లు లేని మేమాన్‌కి ఇంకేం ఉంటుంది?

మన హైదరాబాద్ వాళ్లకి ఇది కొత్తా? 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్ 2012లో మాలిక్‌ల డబ్బు గొడవల్లో మాయమైంది. ఆ ఓటమిలో ఉప్పల్ గ్యాలరీలో గొంతు చించుకున్న కుర్రాడి ఖసూర్ ఏముంది? అప్పుడు మనం "జనం రాలేదు" అన్నామా? మరి ఓక్లాండ్ వాడి మీద ఆ మాట ఎలా అంటున్నాం?

ఓక్లాండ్ జనం మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. బాలర్స్ అని చిన్న లీగ్‌లో సొంత టీమ్ పెట్టుకున్నారు. మామూలు ఫ్యాన్స్ 10 లక్షల డాలర్లకు పైగా పోసి అందులో షేర్లు తీసుకున్నారు. 2025లో ఆ టీమ్ తమ లీగ్ ఛాంపియన్ అయింది. వఫా అంటే ఏంటో, అది ఎవరి దగ్గర ఉందో ఇంకా దలీల్ కావాలా?

కాబట్టి భాయ్ సాబ్, ఈసారి పచ్చ టోపీ పెట్టుకున్న పిల్లాడు కనిపిస్తే మాలిక్ వకాల్తా పుచ్చుకోకండి. ఆ టోపీ వాడి ఊరిది, వాడి దోస్తులది. మీ ఊళ్లో ఎప్పుడైనా స్టేడియానికి పన్నుల పైసా అడుగుతూ ఎవరైనా వస్తే, ముందు ఒక సవాల్ అడగండి: రేపు మీరు వెళ్లిపోతే మా పైసా వాపస్ ఇస్తారా? జవాబు రాకపోతే, మీ ఓటు ఎటు వేయాలో మీకే మాలూమ్.